బైపీసీతో ఆగిపోయిన చదువు: టెక్సాస్‌లో రెండేళ్ల బయాలజీ డిగ్రీలో చేరొచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది గుంటూరు దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయ్యాను. ఎంసెట్‌లో మెడికల్ సీటు రాలేదు. బీఎస్సీ బీజెడ్‌సీలో చేరి రెండో సంవత్సరం పరీక్షలు రాశాక పెళ్లయింది, ఇక్కడికి వచ్చేశాను. ఇప్పుడు నాకు 34. పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. మా వారు సాఫ్ట్‌వేర్. ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్4 (డిపెండెంట్ వీసా), ఉద్యోగానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు వచ్చింది. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో బయాలజీలో అసోసియేట్ డిగ్రీ ఉందని, రెండేళ్లలో అయిపోతుందని చూశాను. చేరాలని చాలా ఉంది. తెలిసినవాళ్లంతా "ఈ వయసులో బయాలజీ ఏంటి, మూడు నెలలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, ఉద్యోగం వస్తుంది" అంటున్నారు. మా వారు వద్దనరు గానీ "దాంతో ఉద్యోగం వస్తుందా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. నేను తెలుగు మీడియం, ఇంగ్లీషంటే టెన్షన్. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం:

చేరమనే అంటాను. అయితే మీ వారు అడిగిన ప్రశ్న సరైనదే, ముందు దాని సంగతి చూద్దాం. నేను టెక్సాస్‌లోనే ఒక కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ ల్యాబు చెబుతాను. మీలా ఇల్లు, పిల్లలు, ఆగిపోయిన చదువు అన్నీ మోసుకుంటూ వచ్చే మనవాళ్లు నా క్లాసుల్లో కనబడుతూనే ఉంటారు.

ఆ రెండేళ్ల డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే బయాలజీ ఉద్యోగాలు చాలా తక్కువ. రీసెర్చ్ ల్యాబుల్లో టెక్నీషియన్ పోస్టుకి కూడా సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు. ఈ మాట మీ వారికి దాచకుండా చెప్పండి. అసోసియేట్ ఆఫ్ సైన్స్ అనే ఈ రెండేళ్ల డిగ్రీకి సుమారు 60 క్రెడిట్లు (కోర్సుల బరువుని కొలిచే లెక్క), అంటే 120 క్రెడిట్ల బ్యాచిలర్స్ డిగ్రీలో మొదటి సగం. తక్కువ ఫీజుతో, ఇంటికి దగ్గరగా ఆ సగం పూర్తి చేసుకుని యూనివర్సిటీలో మూడో సంవత్సరంలోకి వెళ్లడానికి దీన్ని పెట్టారు. దాని విలువంతా ఆ తర్వాత మీరు వెళ్లే చోట ఉంది. కాబట్టి ఎక్కడికి వెళ్లాలో అడ్మిషన్ ఫారం నింపకముందే తేల్చుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే మొదటి సెమిస్టర్‌లోనే తప్పు కోర్సులో కూర్చుంటారు.

మీ ముందు ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, నాలుగేళ్ల బీఎస్. మీకు దగ్గర్లోనే రిచర్డ్‌సన్‌లో యూటీ డాలస్ ఉంది. డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్, టెక్సస్ ఉమెన్స్ యూనివర్సిటీ ఉన్నాయి. అక్కడ డిగ్రీ పూర్తి చేస్తే ల్యాబు ఉద్యోగాలకి, పైచదువులకి దారి తెరుచుకుంటుంది. హైస్కూల్లో సైన్స్ టీచర్‌గా చేరాలన్నా ఈ రాష్ట్రంలో బ్యాచిలర్స్ ఉండి తీరాలి, దానిపైన సర్టిఫికేషన్. పిల్లల బడి వేళలే మనకూ పని వేళలు అవుతాయని చాలామంది మన ఆడవాళ్లు ఈ దారి పడుతున్నారు.

రెండు, నర్సింగ్. రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ చేసి ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసైతే రిజిస్టర్డ్ నర్స్ అవుతారు. దీనికి బయాలజీ డిగ్రీ అక్కర్లేదు. అనాటమీ, మైక్రోబయాలజీ లాంటి కొన్ని కోర్సులు ముందుగా చేసి, నర్సింగ్ ప్రోగ్రామ్‌కి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. సీట్లకి పోటీ గట్టిగా ఉంటుంది.

మూడు, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్. ఆసుపత్రి ల్యాబులో రక్తం, మూత్రం, కల్చర్ పరీక్షలు చేసే పని. ఇదీ రెండేళ్లదే కానీ అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ అనే వేరే డిగ్రీ. చివర్లో ఏఎస్‌సీపీ అనే వృత్తి సంస్థ వాళ్ల సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి. రెండేళ్ల చదువుతో నేరుగా సైన్స్ ఉద్యోగమే కావాలంటే నా దృష్టిలో అన్నిటికంటే నికరమైన దారి ఇదే. మన ఇళ్లలో దీని గురించి మాట్లాడేవాళ్లే లేరు. ఎంచుకుంటే మాత్రం ఆ ప్రోగ్రామ్‌కి ఎన్‌ఏఏసీఎల్‌ఎస్ (ఇలాంటి ల్యాబ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసి చేరండి.

ఇప్పుడు కోర్సు నంబర్ల సంగతి. కమ్యూనిటీ కాలేజీ చదువులో మన పిల్లలు, పెద్దలు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

టెక్సస్ కమ్యూనిటీ కాలేజీలన్నీ ఉమ్మడి నంబర్లు వాడతాయి. బయాలజీ 1406 అంటే మొదటి అంకె 1 మొదటి సంవత్సరం స్థాయి కోర్సని, రెండో అంకె 4 నాలుగు క్రెడిట్లని చెబుతుంది. సైన్స్ మేజర్లకి, అంటే సైన్స్‌నే ప్రధాన సబ్జెక్టుగా తీసుకున్నవాళ్లకి, 1406, 1407. పక్కనే 1408, 1409 అని మరో జత ఉంటుంది, అవి సైన్స్ మేజర్ కానివాళ్లకి. వాటి పేర్లలోనూ బయాలజీ అనే ఉంటుంది, వాటికీ ల్యాబు ఉంటుంది, వాటికీ నాలుగు క్రెడిట్లే. కాస్త తేలిగ్గా ఉంటుందని విని 1408లో చేరి, ఏడాది తర్వాత అది మేజర్ లెక్కలోకి రాదని తెలిసి మళ్లీ 1406కి వచ్చి కూర్చున్నవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. మైక్రోబయాలజీ కూడా అంతే: 2420 నర్సింగ్ వైపు వెళ్లేవాళ్లకి, 2421 సైన్స్ మేజర్లకి. అనాటమీ కోర్సులు 2401, 2402 నర్సింగ్‌కి ప్రాణం లాంటివి, నాలుగేళ్ల బయాలజీ డిగ్రీకి మాత్రం చాలాచోట్ల ఎలక్టివ్‌గా మిగిలిపోతాయి. దారి ముందే తేల్చుకోండి అని పోరు పెట్టేది అందుకే.

పైగా ఇది బయాలజీ డిగ్రీ అయినా అందులో సగానికి పైగా బయాలజీ కాదు. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో బ్యాచిలర్స్ వైపు వెళ్లేవాళ్లందరికీ 42 క్రెడిట్ల కోర్ కరిక్యులమ్ తప్పనిసరి. అందులో సైన్స్‌కి 6, అమెరికా చరిత్రకి 6, ప్రభుత్వ వ్యవస్థకి 6, ఇంగ్లీషు లాంటివాటికి 6, ఇంకా కళలు, సోషల్ సైన్స్ వగైరా. ఇవి విసుగనుకోకండి. చరిత్ర, ప్రభుత్వం కోర్సులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పిల్లలు పడుకున్నాక చదువుకోవచ్చు. ల్యాబు కోర్సుకి ఆ వీలు తక్కువ.

మీ ఉత్తరంలో బయాలజీ మీద ఇష్టం, ఇంగ్లీషంటే భయం కనబడ్డాయి. మ్యాథ్స్ మాటే లేదు. నాకు బెంగగా ఉన్నది దాని గురించే. బైపీసీ తీసుకున్న రోజుతో మనలో చాలామందికి లెక్కలు పోయాయి. మీరు చివరిసారి లెక్కల పరీక్ష రాసింది పదో తరగతిలో. ఇక్కడ బయాలజీ మేజర్‌కి కెమిస్ట్రీ కావాలి, కెమిస్ట్రీ 1411లో చేరాలంటే సాధారణంగా కాలేజ్ ఆల్జీబ్రా, అంటే మ్యాథ్ 1314, అయి ఉండాలి లేదా దాంతోపాటు చదువుతూ ఉండాలి. 1411 అయ్యాక 1412, ఆపైన ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండు కోర్సులు 2423, 2425. ఒకటి పాసైతేనే రెండోది. అంటే నాలుగు సెమిస్టర్ల గొలుసు. మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ మొదలుపెట్టలేకపోతే, సమ్మర్‌లో కూడా చదివితే తప్ప రెండేళ్లలో ఇది ముగియదు. మీ డిగ్రీకి ఎన్నాళ్లు పడుతుందో తేల్చేది కెమిస్ట్రీ, దాని వెనక ఉన్న ఆల్జీబ్రా. యూనివర్సిటీని బట్టి స్టాటిస్టిక్స్ గానీ క్యాలిక్యులస్ గానీ కూడా అడుగుతారు.

అందుకని మీరు రెండేళ్లన్న మాట పక్కన పెట్టండి. ఇద్దరు పిల్లలతో సెమిస్టర్‌కి 15 క్రెడిట్లంటే ఆరోగ్యం పాడవుతుంది. మూడు, మూడున్నర ఏళ్లు అనుకుని మొదలుపెట్టండి. మీరు హెచ్4 కాబట్టి ఫుల్‌టైమ్ చదవాలన్న నిబంధన లేదు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారే పని అసలే లేదు. హెచ్4 మీద చదువుకోవడానికి ఈఏడీ కూడా అక్కర్లేదు, అది ఉద్యోగానికి, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌కి కావాలి. రేపు ఈఏడీ రూల్స్ ఎటు మారినా చదువు ఆగదు.

చేరే ముందు టీఎస్‌ఐ అనే పరీక్ష రాయమంటారు. ఇంగ్లీషు, మ్యాథ్స్ స్థాయి చూసే పరీక్ష. ఇందులో ఫెయిలైతే సీటు పోతుందని భయపడొద్దు. కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్ అందరికీ ఇస్తారు. మార్కు తక్కువైతే అసలు కోర్సుతోపాటు అదనంగా ఒక సపోర్టు క్లాసు పెడతారు, అంతే. పరీక్షకి టైమ్ లిమిట్ లేదు, తొందరపడకుండా రాయండి. ఈలోగా ఖాన్ అకాడమీలో ఆల్జీబ్రా మొదటినుంచి చేసుకుంటూ రండి. రోజూ ఓ గంట చాలు. ఫంక్షన్లు, ఘాతాంకాలు, లాగరిథమ్‌లు చేతికి వస్తే, రేపు కెమిస్ట్రీలో పీహెచ్ లెక్కలు వచ్చినప్పుడు మీరు బెదరరు.

ఇంగ్లీషు గురించి నాకు అంత భయం లేదు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో కణ విభజన, కిరణజన్య సంయోగక్రియ అర్థం చేసుకుని చదివిన మీకు విషయం వచ్చు. పేర్లు మారతాయి, అవి ఒక సెమిస్టర్‌లో అలవాటైపోతాయి. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో బయాలజీ పాఠ్యపుస్తకం మొత్తం ఉచితంగా దొరుకుతుంది. కణం గురించిన అధ్యాయాలు ఇప్పుడే మొదలుపెట్టి రోజుకి నాలుగు పేజీలు చదవండి. 1406 కోర్సంతా దాదాపు కణం, ఎంజైములు, శ్వాసక్రియ, డీఎన్‌ఏ, మెండెల్ సూత్రాలు. 1407లో జీవపరిణామం, మొక్కలు, జంతువులు, పర్యావరణం. బీజెడ్‌సీ చదివిన మీకు ఆ రెండోది పుట్టింటికి వెళ్లినట్టే ఉంటుంది.

మీరు నిజంగా మార్చుకోవలసింది ల్యాబు అలవాటు. ఇంటర్‌లో మనం రికార్డు ఎలా రాశామో గుర్తుందా? సీనియర్ రికార్డు తెచ్చుకుని, పెన్సిల్‌తో అందంగా బొమ్మలు దించి, ఫలితం పుస్తకంలో ఉన్నదే రాసి సంతకం పెట్టించుకున్నాం. ఇక్కడ అది కాపీ కింద లెక్క, కోర్సులో సున్నా పడొచ్చు, కాలేజీ రికార్డులోకీ ఎక్కొచ్చు. 1406లో చాలాచోట్ల చేయించే ప్రయోగం ఒకటి చెబుతాను. బంగాళాదుంప ముక్కల్ని ఒకే సైజులో కోసి, తూకం వేసి, రకరకాల గాఢత ఉన్న చక్కెర ద్రావణాల్లో ఉంచుతారు. కొంతసేపయ్యాక తీసి, టిష్యూతో అద్ది, మళ్లీ తూకం. ఉత్త నీళ్లలో ఉన్న ముక్క బరువు పెరగాలి, చిక్కటి ద్రావణంలోది తగ్గాలి. బరువులో మార్పు శాతం లెక్కగట్టి గ్రాఫ్ గీస్తే, గీత సున్నాని ఎక్కడ దాటిందో చూసి దుంప కణాల్లోని గాఢత సుమారుగా చెప్పొచ్చు. ఒక ముక్కని సరిగ్గా అద్దకపోతే పైన అంటుకున్న తడి కూడా తూకంలో పడి, బరువు తగ్గాల్సిన చోట పెరిగినట్టు వస్తుంది. మనవాళ్లు ఆ అంకె చూడగానే కొట్టేసి, రావాల్సిన అంకె వేస్తారు. నేను అడ్డం పడేది అక్కడే. వచ్చిన అంకె వచ్చినట్టు రాయండి, ఎందుకలా వచ్చిందో రెండు వాక్యాలు రాయండి. ఆ రెండు వాక్యాలకే మార్కులు. మొదటి రిపోర్టు మీద ఎర్రగీతలు పడితే కుంగిపోకుండా నేరుగా టీచర్ ఆఫీస్ అవర్స్‌కి, అంటే విద్యార్థుల కోసం కేటాయించిన వేళకి, వెళ్లి అడగండి. ఇక్కడ అడిగినవాళ్లని చులకనగా చూడరు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఫ్రిస్కోలో ఉన్నామన్నారు. ఆ ఊరు సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. కాలిన్ కాలేజీ క్యాంపస్ ఫ్రిస్కోలోనే ఉన్నా, తక్కువ ఫీజు కాలిన్ కౌంటీ వాళ్లకే. మీ ఇల్లు ఏ కౌంటీలో పడుతుందో ముందు చూసుకోండి. టెక్సస్‌లో ఏడాదికి పైగా స్థిరంగా ఉంటున్న హెచ్4 వాళ్లు రెసిడెంట్ ఫీజు (రాష్ట్రవాసులకిచ్చే తక్కువ ఫీజు) కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. వీసా కాగితాలు, లీజు లేదా ఇంటి కాగితాలు పట్టుకెళ్లండి. ఫాఫ్సా ఫారం నింపి అడిగే పెల్ గ్రాంట్ లాంటి ఫెడరల్ సాయం హెచ్4కి రాదు, దాని కోసం టైమ్ వృథా చేసుకోవద్దు. టాక్స్ ఫైల్ చేసేటప్పుడు మాత్రం అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అనే పన్ను రాయితీ గురించి అడగండి. ఏడాదికి 2,500 డాలర్ల వరకు వస్తుంది. కనీసం హాఫ్‌టైమ్, అంటే మామూలుగా 6 క్రెడిట్లు చదవాలి. భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 1,60,000 డాలర్లు దాటినప్పటి నుంచి తగ్గుతూ 1,80,000కి పూర్తిగా పోతుంది.

బీఎస్సీ రెండేళ్ల మార్కుల మెమోలు వదిలేయకండి. ఊళ్లో ఎవరికైనా చెప్పి యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకోండి, దానికి నెలలు పట్టొచ్చు. విదేశీ చదువుల్ని అంచనా కట్టే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో కోర్సువారీగా మూల్యాంకనం చేయించే ముందు, ఏ సంస్థ రిపోర్టు ఒప్పుకుంటారో కాలేజీనే అడగండి. కొన్ని క్రెడిట్లు రావచ్చు. వచ్చినా సరే 1406 మాత్రం మళ్లీ కూర్చుని చదవండని నా సలహా. పద్నాలుగేళ్ల గ్యాప్ మీద పై కోర్సులు నిలబడవు. నర్సింగ్ లాంటి ప్రోగ్రాములు అయిదేడేళ్లు దాటిన సైన్స్ కోర్సుల్ని చాలాచోట్ల ఒప్పుకోవు కూడా.

మొదటి సెమిస్టర్‌కి మ్యాథ్ 1314, బయాలజీ 1406 ఈ రెండే తీసుకోండి. ఏడు క్రెడిట్లు, హాఫ్‌టైమ్ లెక్క సరిపోతుంది. కెమిస్ట్రీ తర్వాతి సెమిస్టర్‌లో. కోర్సు మొదలయ్యాక నావల్ల కాదనిపిస్తే, 16 వారాల సెమిస్టర్‌లో కాలేజీలో క్లాసులు జరిగే పన్నెండో రోజుని సెన్సస్ డేట్ అంటారు, ఆలోపు బయటికి వస్తే రికార్డులో ఏమీ పడదు. ఆ తర్వాత మానేస్తే డ్రాప్ కింద లెక్క. టెక్సస్‌లో బ్యాచిలర్స్ అయ్యేదాకా మొత్తం మీద అలాంటివి ఆరే చేయనిస్తారు, కాబట్టి అవి జాగ్రత్తగా వాడుకోవాలి. అడ్వైజర్‌ని కలిసినప్పుడు "బయాలజీ చదువుతాను" అనకుండా "ఫలానా యూనివర్సిటీలో బయాలజీ బీఎస్‌కి ట్రాన్స్‌ఫర్ అవుతాను, ఈ కోర్సు అక్కడ మేజర్ లెక్కలోకి వస్తుందా?" అని అడగండి. అదే ప్రశ్న ఆ యూనివర్సిటీ అడ్వైజర్‌కి ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. నోటిమాట మీద సెమిస్టర్ ఫీజు కట్టొద్దు.

టెస్టింగ్ నేర్చుకోమన్నవాళ్ల మీద కోపం పెట్టుకోకండి, వాళ్లకి తెలిసిన దారి వాళ్లు చెప్పారు. ఆ పని మీద మీకు ఇష్టం ఉంటే అది మంచి పనే. మీ ఉత్తరంలో మాత్రం దాని గురించి ఇష్టంగా ఒక్క మాట లేదు. ముప్పై నాలుగు వయసే కాదు. మా సాయంత్రం క్లాసుల్లో పిల్లల్ని హైస్కూల్‌కి పంపిస్తున్న తల్లులు ముందు వరసలో కూర్చుంటారు. చక్కగా చదువుతారు, ఎందుకు వచ్చారో వాళ్లకి తెలుసు.

ఇక మీ వారితో మాట్లాడేటప్పుడు ఉద్యోగం ప్రశ్నకి పైన చెప్పిన మూడు దారులూ చూపించండి, మీరు ఏది ఎంచుకున్నారో, ఎన్నేళ్లో, ఎంత ఖర్చో కాగితం మీద పెట్టండి. దాంతోపాటు ఇంకొక విషయం తేల్చుకోవాలి. నాలుగు క్రెడిట్ల కోర్సంటే వారానికి మూడు గంటల పాఠం, మూడు గంటల ల్యాబు. ల్యాబు మిస్సయితే చాలా కాలేజీల్లో మళ్లీ చేయనివ్వరు, రెండు మూడు పోతే గ్రేడే పోతుంది. పిల్లకి జ్వరం వచ్చేది, స్కూలు ముందుగా వదిలేసేది సరిగ్గా ఆ రోజే. కాబట్టి రిజిస్ట్రేషన్ చేసేటప్పుడే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ల్యాబు రోజు ఎంచుకోండి. ఆ మధ్యాహ్నం ఆయన ఆఫీసు క్యాలెండర్‌లో సెమిస్టర్ మొత్తానికీ మీటింగ్ పెట్టకుండా బ్లాక్ చేయించండి. ఆ రోజు పిల్లల్ని తెచ్చేది, జ్వరమొస్తే ఇంట్లో ఉండేది ఆయనే అని ఇప్పుడే మాట అనుకోండి.